మిద్దె మీద అడిగే ప్రశ్నలకు టీచరవ్వ పద్ధతి

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు తిరుపతిలో మిద్దెలన్నీ నిండిపోతాయి. మబ్బు లేకపోతే తూర్పు దిక్కున నిప్పు లేచేది ఇక్కడికీ కనిపిస్తుంది. కాసేపట్లో అది మాయమవుతుంది కానీ, తర్వాత మొదలయ్యే ప్రశ్నలు భోజనాల దాకా ఆగవు. ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి మా వీధి పిల్లలు నన్ను ‘టీచరవ్వా’ అంటూ అన్నీ తెచ్చి నా మీదే పోస్తారు. ఈలోపు వాళ్ల అమ్మానాన్నలు మెల్లగా మెట్లు దిగి జారుకుంటారు. ఇది అలా జారుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. సైన్సు ఒకచోట, జోకు ఇంకోచోట తెచ్చి కలపకండి. నిజాన్ని సరిగ్గా చెబితే అందులోంచే నవ్వొస్తుంది. ‘ఇప్పుడొక జోకు చెబుతా’ అన్నారంటే పిల్లలు ఫోన్ అడుగుతారు.

“అవ్వా, రాకెట్ వంగిపోతా ఉండాది, పడిపోతుందా?” ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. “ఛ, పడదులే” అనేస్తే కథ అక్కడితో అయిపోతుంది. వాడు చూసింది నిజం కాబట్టి ముందు దాన్ని ఒప్పుకోండి: “బాగా చూసినావు నాయనా, కావాలనే వంచుతారు.” తర్వాత వాడికి తెలిసిన ఊళ్లతో లెక్క చెప్పండి. అంతరిక్షం 100 కిలోమీటర్ల పైన మొదలవుతుందని లెక్క. అంటే మనకు చెన్నై కంటే అదే దగ్గర. అంత ఎత్తుకు పోవడం పెద్ద కష్టం కాదు, అక్కడ నిలవడమే కష్టం. నిలవాలంటే పక్కకు పరిగెత్తాలి, సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగంతో. ఆ వేగంతో తిరుపతిలో బయల్దేరితే చిత్తూరు తొమ్మిది సెకన్లు. పూతలపట్టులో టీకి ఆపమన్నా ఆగదు. అంత జోరుగా పోయేది కిందికి పడుతూనే ఉంటుంది. కానీ భూమి గుండ్రం కదా, అది పడేకొద్దీ నేల కూడా కిందికి వంగిపోతూ ఉంటుంది. ఎంత పడినా నేల దొరకదు.

తూర్పుకు పంపే రాకెట్లకు ఇంకో లాభం ఉంది. భూమి తిరిగేది అటువైపే కాబట్టి, మన అక్షాంశం దగ్గర సెకనుకు 450 మీటర్ల వేగం ముందే చేతికొస్తుంది. ఫ్రీగా వచ్చేదాన్ని ఇస్రో మాత్రం ఎందుకు వదులుకుంటుంది?

దీని వెనకే వ్యోమగాములు ఎందుకు తేలుతారనేది వస్తుంది. ‘అక్కడ గురుత్వాకర్షణ ఉండదు’ అని చాలామంది పెద్దవాళ్లు చెప్పేస్తారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది 400 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ గురుత్వాకర్షణ ఇక్కడున్నదాంట్లో 90 శాతం దాకా ఉంటుంది. కేంద్రమూ పడుతోంది, అందులోని మనిషీ పడుతున్నాడు, ఇద్దరూ ఒకే వేగంతో పడుతున్నారు కాబట్టి తేలినట్టుంటుంది. దాదాపు 90 నిమిషాలకొక చుట్టు, రోజుకు 16 సూర్యోదయాలు. ఇది చెప్పాక నోరు మూసుకుని కూర్చోండి. ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, “అయితే రోజుకు పదహారు సుప్రభాతాలా అవ్వా!” అని. ఆ నవ్వు పిల్లలది. మీరు ముందే చెప్పేసి లాగేసుకోకండి.

నక్షత్రాల దూరాల దగ్గర పెద్దవాళ్లు సున్నాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. అది మానండి. మన ఇళ్లలో అంతకంటే మంచి సాధనం ఉంది, గోడకు తగిలించిన పంచాంగం. పిల్లవాడి జన్మ నక్షత్రం ఏదో వాళ్లమ్మకు నిద్రలో లేపినా తెలుస్తుంది. ఆ పేర్లలో చాలావాటికి ఆకాశంలో నిజమైన చుక్కలున్నాయి. స్వాతి అంటే ఆర్క్‌ట్యూరస్, 37 కాంతి సంవత్సరాల దూరం. పునర్వసులోని పోలక్స్ 34, రోహిణి 65, మఖ 79, చిత్త 250. కాంతి సంవత్సరమంటే కాలం కాదు, వెలుగు ఏడాది పాటు ప్రయాణం చేసే దూరమని అప్పుడే చెప్పేయండి. మీరు ఇప్పుడు చూసే స్వాతి వెలుగు 37 ఏళ్ల కిందట బయల్దేరింది.

తిరుపతిలో దీన్ని శ్రవణంతో మొదలుపెట్టాలి. స్వామివారి నక్షత్రం కదా, పేరు తెలియని ఇల్లుండదు. అందులో పెద్ద చుక్క పేరు ఆల్టెయిర్, దూరం సుమారు 17 కాంతి సంవత్సరాలు. బ్రహ్మోత్సవాల రోజుల్లో రాత్రి ఎనిమిది ప్రాంతంలో మిద్దె ఎక్కి తలెత్తితే దాదాపు నడినెత్తిన ఉంటుంది. తెల్లగా మెరిసే చుక్క, దానికి అటొకటి ఇటొకటి మసక చుక్కలు. ఆ మూడూ కలిపితే శ్రవణం. “మీ అక్క ఇంటర్ చదువుతోందే, ఆమె పుట్టినప్పుడు బయల్దేరిన వెలుగు ఇప్పుడొచ్చి నీ కంట్లో పడింది” అనండి. ఇక ఇంట్లో అందరి నక్షత్రాలూ బయటికొస్తాయి. ఎదురింటి పాప వాళ్ల అవ్వది రోహిణి. “మా అవ్వతోపాటు బయల్దేరినట్టుంది” అని పాప సంబరపడితే, ఆమె “నాకు అరవై ఐదు ఎవరు చెప్పినారు? అరవయ్యే” అని పేచీ పెట్టుకుంది. ఖగోళశాస్త్రంలో దూరాలు కొలవడం కష్టమంటే ఏమో అనుకున్నాను, వయసులు కొలవడం అంతకంటే కష్టం.

సూర్యుడి వెలుగుకు 8 నిమిషాల 20 సెకన్లు. ఆయన ఇప్పుడే ఆరిపోయినా టీ తాగి గ్లాసు కడిగేదాకా మనకు తెలియదు.

ఇక గ్రహణం. మన దగ్గర ఇది జాగ్రత్తగా పట్టుకోవాల్సిన ప్రశ్న. గ్రహణం రోజు తిరుమల గుడి మూస్తారు, శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంచుతారు. పిల్లలు ఈ తేడా పట్టేస్తారు. ఎవరి నమ్మకం మీదా జోకు వేయకండి. వేసిన రోజు వాళ్లవ్వ మిమ్మల్ని మిద్దె ఎక్కనివ్వదు. పైగా ఆ అవసరమే లేదు, రాహువు కథలోనే లెక్క దాగుంది. 499లోనే ఆర్యభటుడు గ్రహణాలు నీడల వల్ల వస్తాయని రాశాడు. చంద్రుడు తిరిగే దారి, మనకు సూర్యుడు కదిలినట్టు కనిపించే దారి ఒకే మట్టంలో లేవు, వాటి మధ్య 5 డిగ్రీల వాలు ఉంది. ఆ దారులు రెండు చోట్ల కోసుకుంటాయి. మన జ్యోతిర్గణితంలో ఆ చోట్లకే రాహువు, కేతువు అని పేరు. అమావాస్య గానీ పౌర్ణమి గానీ ఆ చోట్ల దగ్గర పడితేనే గ్రహణం, లేకపోతే నీడ పైనుంచో కిందనుంచో తప్పిపోతుంది. ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదన్న ప్రశ్నకూ ఇదే జవాబు.

కాబట్టి “రాహువు ఉన్నాడా లేడా?” అని నిలదీస్తే నా జవాబు ఇది: “ఉన్నాడు నాయనా. ఒళ్లు లేదు, అడ్రసు మాత్రం ఉంది.” కథలోనూ ఆయనకు తల ఒక్కటే కదా, ఆయన మింగిన సూర్యుడో చంద్రుడో మెడ కిందినుంచి బయటికొచ్చేస్తాడు.

సూర్యగ్రహణాన్ని ఎక్స్‌రే ఫిల్ములోంచి, మసిపట్టిన గాజులోంచి చూడనివ్వకండి. ఇక్కడ మాత్రం నవ్వులాట వద్దు. గ్రహణం కళ్లద్దాలు లేకపోతే వేపచెట్టు కిందికి తీసుకుపోండి. ఆకుల సందుల్లోంచి నేల మీద వందల కొద్దీ చిన్న నెలవంకలు పడతాయి.

విశ్వం మొదలైన బిగ్ బ్యాంగ్ ఎక్కడ జరిగిందని అడిగితే తడబడకుండా చెప్పండి: “ఇక్కడే. మన బస్టాండులో కూడా.” అది ఒక మూల పేలిన బాంబు కాదు. 1380 కోట్ల ఏళ్ల కిందట చోటంతా ఒకేసారి సాగడం మొదలైంది, కాబట్టి జరగని చోటంటూ లేదు. రుజువు అడుగుతారు, అడగాలి కూడా. అప్పుడు పావురాల కథ చెప్పండి. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి తమ పెద్ద యాంటెనాలో ఒకటే గుయ్యిమనే శబ్దం. ఎటు తిప్పినా పోదు. లోపల పావురాలు కాపురం పెట్టి రెట్ట వేసి ఉన్నాయి, అదే కారణమేమో అని అంతా కడిగారు. అయినా శబ్దం పోలేదు. అది విశ్వం పుట్టిన కొత్తలో బయల్దేరిన వెలుగు, చల్లారి రేడియో తరంగాలుగా మారి అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. 1978లో వాళ్లకు నోబెల్ వచ్చింది. రెట్ట కడిగి నోబెల్ తెచ్చుకున్నారని తెలిసిన పిల్లాడు ఆ పాఠం చచ్చినా మరిచిపోడు.

“దానికి ముందు ఏముంది?” అంటే “ఇంకా ఎవరికీ తెలియదు, నువ్వు కనిపెడితే టీవీలో చూస్తా” అనండి. ఫోన్ తీసి వెతకడం, ‘పెద్దయ్యాక తెలుస్తుందిలే’ అనడం రెండూ వద్దు.

వెలుగును కూడా బయటికి పోనివ్వని బ్లాక్ హోల్ అన్నింటినీ పీల్చేస్తుందని భయపడేవాళ్లకు ఒక్క లెక్క చాలు. సూర్యుణ్ని మూడు కిలోమీటర్ల వ్యాసార్థానికి నలిపితే బ్లాక్ హోల్ అవుతాడు. అయినా బరువు అంతే, దూరం అంతే కాబట్టి భూమి ఇప్పటిలాగే తిరుగుతుంది. చలికి చస్తాం గానీ లోపలికి పోం.

మీ దగ్గర సరుకు అయిపోయిందనిపిస్తే అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది, అందులో ప్లానెటేరియం కూడా. పిల్లల్ని తీసుకుపోండి. చీకటి పడగానే మీరు గురక మాత్రం పెట్టకండి, బయటికి రాగానే ప్రశ్నలు మీకే.