కుటుంబానికి సెకండ్ హ్యాండ్ సెడాన్ కొనేముందు

ఒకే ఏడాది, ఒకే కర్మాగారంలో తయారైన ఒకే రకం కార్లు రెండింటిని పదేళ్ల తరువాత పక్కపక్కన నిలబెట్టి చూస్తే, ఒకటి ఇంకో ఏడెనిమిదేళ్లు నిశ్చింతగా తిరిగేలా ఉంటుంది, రెండవది వచ్చే నెలలోనే మెకానిక్ షెడ్డు చేరేలా ఉంటుంది. ఆ తేడా అంతా మధ్యకాలంలో వాటిని వాడిన మనుషుల వల్ల వచ్చినదే. అందువల్ల పాత కారు కొనదలచినవారు ఏ కంపెనీ, ఏ మోడల్ అని ఆలోచించడానికి వెచ్చించే సమయంలో సగమైనా, ఈ కారును ఎవరు, ఎలా చూసుకున్నారో కనిపెట్టడానికి వెచ్చించాలి. ఇక్కడ చెప్పబోయే పరీక్షలలో ఎక్కువ భాగం అందుకు ఉద్దేశించినవే.

ముందుగా ఇంటి అవసరాన్ని కొలుచుకోవాలి. సెడాన్‌కు డిక్కీ పెద్దదే గాని దాని నోరు చిన్నది. లీటర్ల లెక్కలో సరిపోతుందనిపించిన డిక్కీలో పిల్లల తోపుడు బండి అడ్డం తిరిగి లోపలికి పోకపోవచ్చు. కాబట్టి కారు చూడటానికి వెళ్లేటప్పుడు ఆ బండిని వెంట తీసుకువెళ్లి పెట్టి చూడటమే మేలు. డ్రైవరు సీటును మీకు అనువుగా జరుపుకొని, దిగి వచ్చి, దాని వెనుక సీటులో మీరే కూర్చుని మోకాళ్లకు చోటు ఉందో లేదో చూడండి. వెనుక సీటు మధ్యలో భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా, కేవలం నడుముకు పెట్టుకునే పట్టీ మాత్రమే ఉందా అన్నది ముగ్గురు వెనుక కూర్చునే ఇంటికి చిన్న విషయం కాదు. చిన్నపిల్లలున్నవారు సీటు, వెన్నుభాగం కలిసే సందులో వేళ్లు పెట్టి, పిల్లల సీటును బిగించే ఐసోఫిక్స్ కమ్మీలు తగులుతున్నాయో లేదో చూసుకోవాలి. ఇంట్లో పెద్దవారుంటే వారిని ఒకసారి ఎక్కించి దించండి. సెడాన్ సీట్లు కిందికి ఉండటం వల్ల మోకాళ్ల నొప్పులున్నవారికి కలిగే ఇబ్బంది కాగితం మీద కనబడదు.

డబ్బు విషయంలో నియమం ఒకటే: చేతిలో ఉన్నదంతా కారు ధరకు పెట్టకూడదు. కనీసం పదోవంతు పక్కన పెట్టుకోవాలి, ఎందుకంటే టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, ఆయిళ్లు వంటివాటిలో ఏదో ఒకటి మొదటి ఆరు నెలల్లో తప్పకుండా డబ్బు అడుగుతుంది. ఒకప్పుడు చాలా ఖరీదైన విలాసవంతమైన సెడాన్ పదేళ్ల తరువాత మామూలు కారు ధరకే దొరుకుతుంటే చాలామందికి నోరూరుతుంది. అయితే పాతబడేకొద్దీ కారు ధర తగ్గుతుంది గాని దాని విడిభాగాల ధర తగ్గదు. అటువంటి కారుకు గతుకుల కుదుపును గాలి సంచులతో ఆపే సస్పెన్షన్ ఒకసారి పాడైతే, ఆదా చేశామనుకున్న సొమ్మంతా అక్కడే ఖర్చయిపోతుంది.

మోడల్ ఎంపికకు వస్తే, ఎక్కువగా అమ్ముడుపోయిన సాదాసీదా కారే కుటుంబానికి తగినది. 1966లో మొదలైన టయోటా కరోలా, 1972లో మొదలైన హోండా సివిక్ వంటి పేర్లు ఇంతకాలం నిలవడానికి వాటి మన్నిక ఒక కారణమైతే, విడిభాగాలు సులువుగా దొరకడం, వాటిని విప్పి బిగించగల మెకానిక్‌లు ఎక్కడైనా ఉండటం మరో కారణం. ఈ మంచిపేరులో ఒక చిక్కు ఉంది. ఆ కారుకేమీ కాదులే అన్న ధీమాతో ఆయిల్ మార్చకుండా ఏళ్ల తరబడి నడిపిన యజమానులూ ఉంటారు, అయినా పేరును బట్టి ధర మాత్రం ఎక్కువే చెబుతారు. అటువంటిదానికంటే, అంతగా పేరు లేకపోయినా ప్రతి సర్వీసు సమయానికి జరిగిన కారే నా దృష్టిలో మెరుగు.

టర్బో లేని పెట్రోల్ ఇంజన్, దానికి మాన్యువల్ గేర్‌బాక్స్ లేదా మామూలు ఆటోమేటిక్ ఉన్నట్లయితే పాడయ్యే వస్తువులు తక్కువ. సీవీటీ గేర్‌బాక్స్ (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఉంటే దాని ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లుతో సహా అడగాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే ఇంటికి కొత్తతరం డీజిల్ కారు తగదు, ఎందుకంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఇంజన్ బాగా వేడెక్కి కొంత దూరం నడిస్తేనే శుభ్రపడుతుంది. హైబ్రిడ్ (ఇంజన్‌తోపాటు కరెంటు మోటారు కూడా ఉన్న కారు) అయితే పెద్ద బ్యాటరీకి గాలి పంపే ఫ్యాన్ మార్గం చూడాలి; చాలా కార్లలో అది వెనుక సీటు దగ్గరే ఉండి దుమ్ముతో, వెంట్రుకలతో మూసుకుపోతూ ఉంటుంది. కారు జారిపోకుండా కాపాడే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేని కారును కుటుంబం కోసం నేనైతే కొనను. అది అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. మిగతాచోట్ల మాత్రం ఒకే మోడల్‌లో కొన్నింటికి ఉండి కొన్నింటికి లేకపోవచ్చు కాబట్టి విడిగా అడిగి తెలుసుకోవాలి.

కారు దగ్గరకు వెళ్లకముందే కాగితాలు తెప్పించుకోవాలి. దాదాపు ప్రతి కారుకూ 17 అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఒకటి, సున్నాలతో పొరబడకుండా అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ముందు అద్దం మూలన, తలుపు చట్రం మీద, బాడీ మీద ఎక్కడెక్కడ ఈ సంఖ్య ఉన్నా అన్నీ పత్రాలతో సరిపోవాలి. ఎక్కడైనా గీకిన గుర్తు గాని, స్టిక్కరు ఊడదీసి అంటించిన ఆనవాలు గాని కనబడితే ఇక మాట్లాడకుండా వచ్చేయవచ్చు. కారు మీద అప్పు మిగిలి ఉందేమో, పత్రంలోని పేరు అమ్ముతున్న వ్యక్తిదేనా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. అదే సంఖ్యతో తయారీదారు వద్ద రీకాల్ పనులు, అంటే తయారీలోని లోపాన్ని సరిచేయడానికి కంపెనీయే కార్లను వెనక్కి పిలిచి చేసే పనులు, పూర్తయ్యాయో లేదో విచారించండి. టకాటా అనే జపాన్ కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల ఉదంతంలో, వేడికీ తేమకీ ఏళ్ల తరబడి గురైన ఇన్‌ఫ్లేటర్లు (బ్యాగులోకి గాలి నింపే భాగాలు) బ్యాగు తెరుచుకునేటప్పుడు పగిలి, లోహపు ముక్కలు ప్రయాణికుల మీదికి దూసుకువచ్చాయి. ఎన్నో కంపెనీల కార్లకు కోట్ల సంఖ్యలో వాటిని మార్చవలసి వచ్చింది. పాత కార్లలో మార్చనివి ఇంకా తగులుతూ ఉంటాయి, మార్పిడి సాధారణంగా ఉచితమే.

సర్వీసు పుస్తకాన్ని తీరికగా చదవాలి. తేదీలు, కిలోమీటర్లు వరుసలో పెరుగుతూ వచ్చాయా, మధ్యలో రెండేళ్లు ఖాళీ ఉందా, అన్ని ముద్రలూ ఒకే సిరాతో ఒకే రోజు వేసినట్టు ఉన్నాయా అని చూడాలి. టైమింగ్ బెల్ట్ (వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా కదిలించే రబ్బరు బెల్టు) ఉన్న ఇంజన్ అయితే అది మార్చిన బిల్లు ముఖ్యం. సుమారు లక్ష కిలోమీటర్లకు అటూఇటూగా దాన్ని మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి, అది నడుస్తుండగా తెగితే పలు ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజన్ మొత్తం విప్పవలసి వస్తుంది. మీటరు వెనక్కి తిప్పడం కష్టమేమీ కాదు, కాని కారులోని మిగతా వస్తువులను ఎవరూ వెనక్కి తిప్పలేరు. 40,000 కిలోమీటర్లు చూపిస్తున్న కారులో బ్రేక్ పెడల్ రబ్బరు గీతలన్నీ అరిగి నునుపెక్కి, స్టీరింగ్ చక్రం మెరుస్తూ, డ్రైవరు సీటు అంచు నలిగి ఉన్నదంటే ఆ అంకెను నమ్మనక్కరలేదు. టైరు పక్కభాగంలో చివర ఉండే నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 3519 అంటే 2019లో 35వ వారం. 20,000 కిలోమీటర్లు తిరిగిన కారుకు నాలుగు టైర్లూ ఎందుకు మార్చవలసి వచ్చిందో అడిగి, వచ్చే సమాధానం వినండి.

కారును పగటివేళ, తడి లేనప్పుడు చూడాలి. పెయింట్ రంగులో తేడా, తలుపుల మధ్య సందు ఒకచోట సన్నగా మరోచోట వెడల్పుగా ఉండటం, బానెట్ కింద, ముందు చక్రాల పైనుండే రేకులను (ఫెండర్లను) పట్టే బోల్టుల తలల మీద పెయింట్ చెక్కుకుపోవడం ప్రమాదాన్ని సూచిస్తాయి. ఇనుప బాడీకి పుట్టీ పెట్టినచోట చిన్న అయస్కాంతం సరిగా అంటుకోదు. చిన్న దెబ్బ తగిలిన కారును వదులుకోనక్కరలేదు గాని, చట్రం వంగి సరిచేసినదాన్ని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదు.

ఒకసారి నేను చూడబోయిన సెడాన్ ఒకటి లోపలా బయటా అద్దంలా మెరుస్తున్నది, సుగంధం మాత్రం కాస్త ఎక్కువగానే కొట్టారు. వెనుక సీటు బెల్టును చివరిదాకా లాగాను. మొదటి మూరెడు కొత్తదానిలా నల్లగా ఉంది, ఆపై జానెడు పొడవున మట్టిరంగు చార ఒకటి బయటపడింది, దాని అంచున ఎండిన ఒండ్రు గోటితో గీకితే పొడిగా రాలింది. స్టెప్నీ తీసి చూస్తే ఆ గుంటలోనూ అదే మట్టి, సీటు పట్టాల కింద ఎర్రటి తుప్పు. అమ్మేవారు సీటు కవర్లు మార్చారు, కార్పెట్ ఉతికించారు, బెల్టును మాత్రం పూర్తిగా లాగి చూసుకోలేదు. వరదనీటిలో మునిగిన కారులో వైర్ల జాయింట్లు నెలల తరబడి ఒక్కొక్కటిగా తుప్పుపడుతూ వస్తాయి కాబట్టి అది ఆ రోజు బాగా నడవడం దేనికీ రుజువు కాదు.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్ట్ చేయడం మీ ఎదుటే జరగాలి. మీరు చేరేసరికి బానెట్ వెచ్చగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పండి. స్టార్ట్ చేయకముందే ఆయిల్ పుల్లను తీసి మట్టం చూడాలి, ఆయిల్ పోసేచోట ఉండే మూత లోపలివైపు చూడాలి. అక్కడ పాలు కలిసిన కాఫీ రంగు నురుగు దట్టంగా ఉంటే ఆయిల్‌లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కలుస్తున్నదన్న అనుమానం వస్తుంది. చలికాలంలో తక్కువ దూరం తిరిగే కార్లలో పలుచగా కనిపించే తెల్లటి పొర మాత్రం అంత భయపడవలసినది కాదు. పొగ నీలంగా ఉంటే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు, వేడెక్కిన తరువాత కూడా తెల్లగా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ కాలుతున్నట్టు. స్టార్ట్ చేసేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం అసలు వెలగనేలేదంటే దాన్ని కావాలనే తీసేశారేమోనని అనుమానించాలి.

టెస్ట్ డ్రైవ్ అరగంటకు తక్కువ కాకూడదు, పాటలు ఆపేయాలి. గతుకుల మీద నెమ్మదిగా పోతే అరిగిన సస్పెన్షన్ బుష్‌ల (రబ్బరు తొడుగుల) శబ్దం తెలుస్తుంది. స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పి చిన్న చుట్టు తిరిగినప్పుడు టకటకమంటే చక్రాలకు శక్తినిచ్చే జాయింట్లు అరిగినట్టు. ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే బండి ఒకపక్కకు లాగకూడదు, పెడల్ వణకకూడదు. ఏసీని మొదటి నుంచి చివరిదాకా ఆన్‌లోనే ఉంచండి.

నచ్చిన తరువాత, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్ చేత లిఫ్ట్ మీద ఎత్తించి చూపించాలి. ఆయన స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్ నమోదుచేసిన లోపాలను చదివేచోటు) పరికరం తగిలించి, లోపాల కోడ్‌లతోపాటు కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పగలరు. చాలా వరకు అసంపూర్తి అని వస్తే, ఈ మధ్యనే కోడ్‌లను చెరిపేశారనో, బ్యాటరీ తీశారనో అర్థం. ఈ తనిఖీకి అమ్మేవారు ఒప్పుకోకపోతే ధర ఎంత తగ్గించినా వద్దనుకోవాలి. ఒప్పుకుంటే, మెకానిక్ రాసిచ్చిన మరమ్మతుల జాబితానే బేరానికి ఆధారం. దానిలోని ఒక్కో పనికి అయ్యే ఖర్చును ధరలో తగ్గించమని మర్యాదగా అడగవచ్చు.

కొన్న వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్ మార్పించి, కూలెంట్ ఎంత పాతదో చూపించుకోండి. ఆ రోజు తేదీ, మీటరులోని కిలోమీటర్లు ఒక కొత్త నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి, బిల్లు దానికే పిన్ చేసి గ్లవ్ బాక్సులో పెట్టుకోండి. రేపు ఈ కారును మీరు అమ్మేటప్పుడు కొనేవారు మొదట అడిగేది ఆ పుస్తకమే.