ఫోర్డ్ కారుకు కొత్త తాళంచెవి నమోదు చేసే ముందు జాగ్రత్తలు

అమెరికాలో పాత ఫోర్డ్ కొన్నవారికి చాలాసార్లు ఒకే తాళంచెవి దక్కుతుంది. తాళంచెవిలోని చిప్ కోడ్‌ను గుర్తిస్తేనే ఇంజిన్‌ను స్టార్ట్ కానిచ్చే 'ప్యాట్స్' అనే దొంగతన రక్షణ ఉన్న కార్లకు రెండోది చేయించే ముందు ఇవి చూసుకోండి.

• ఇంజిన్‌ను స్టార్ట్ చేయగల తాళంచెవులు రెండు ఉంటే చాలా మోడళ్లలో మూడోదాన్ని మీరే నమోదు చేసుకోవచ్చు. ఒక్కటే ఉంటే స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) ఉన్న డీలరో, తాళాల నిపుణుడో కావాలి. ఆ ఒక్కదానికి నకలు చేయించినా రెండిటి చిప్‌లోనూ ఉండేది ఒకే కోడ్. కనుక కారు దాన్ని రెండోదిగా లెక్కించదు.

• స్కానర్‌తో పాత కోడ్‌లు చెరిపితే ఇంట్లో వదిలేసిన తాళంచెవి కూడా పనికిరాకుండా పోతుంది. ఆ తర్వాత కనీసం రెండు నమోదు చేస్తేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఉన్నవన్నీ వెంట తీసుకెళ్లండి, కారు యాజమాన్య పత్రాలతో సహా.

• చిప్ రకం సరిచూడండి. వీటిలో 40 బిట్, 80 బిట్ అని (రహస్య కోడ్ పొడవును బట్టి) రకాలున్నాయి. 80 బిట్ కోరే కారులో 40 బిట్ చిప్ పనిచేయదు. చవకగా దొరికిందని ముందే కొనేయడం దండగ.

• కొత్తది తలుపులోనూ ఇగ్నిషన్‌లోనూ సాఫీగా తిరగాలి. కోత తేడాగా ఉంటే చిప్‌ను నిందించి లాభం లేదు.

• బ్యాటరీ బలంగా ఉండాలి.

• తాళంచెవులను గుత్తి నుంచి విడదీయండి, పక్కనున్న చిప్ అడ్డుపడుతుంది. మీరే నమోదు చేసేటప్పుడు ఇగ్నిషన్‌లో ఒకదాని తర్వాత మరొకటి మార్చి పెట్టడానికి సెకన్లే గడువు. మాన్యువల్ చదివి ఆ వరుస ముందే సాధన చేయండి.

• తలుపు తెరిచే రిమోట్ బటన్ల నమోదు వేరే పని.