చిన్న తరగతుల పిల్లలకు చిత్రకళ నేర్పే పద్ధతి

ప్రాథమిక తరగతుల్లో డ్రాయింగ్ పీరియడు తరచుగా ఒకే తీరుగా సాగుతుంది. ఉపాధ్యాయులు బోర్డు మీద రెండు కొండలు, వాటి మధ్య ఉదయించే సూర్యుడు, ముందు ఒక ఇల్లు గీస్తారు. పిల్లలు దాన్ని చూసి దింపుతారు. గంట కొట్టేసరికి గదిలో ఎంతమంది ఉంటే అన్ని ఒకే రకం బొమ్మలు తయారవుతాయి. దీనివల్ల చెయ్యి కొంత తిరుగుతుందన్నది నిజమే అయినా, కంటికి మాత్రం ఏ పనీ ఉండదు. ఈ వయసులో నేర్పవలసినవి ప్రధానంగా రెండు: ఎదుట ఉన్న వస్తువును నిదానంగా చూడడం, చేతిలోని రంగు, కాగితం, మట్టి ఎలా ప్రవర్తిస్తాయో తెలుసుకోవడం. మిగిలినదంతా పిల్లల ఇష్టానికి వదిలినా నష్టం లేదు. కాబట్టి ఈ పాఠాలు చెప్పేవారు చిత్రకారులై ఉండనక్కరలేదు. బాగా గీయగలిగినవారికి పిల్లల కాగితం మీద చెయ్యి పెట్టకుండా ఉండడమే కష్టం గనుక, బొమ్మలు రానివారికి ఒక విధంగా ఇది మరింత సులువు.

పాఠం సిద్ధం చేసుకునే ముందు ఏ వయసు పిల్లలు సహజంగా ఎలా గీస్తారో తెలిసి ఉండాలి. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కళావిద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో పిల్లల చిత్రాల ఎదుగుదలను దశలుగా విభజించి వివరించారు. ఆ వయసుల హద్దులు ఉజ్జాయింపువే అయినా తరగతి గదిలో ఇప్పటికీ పనికొస్తాయి. 4 నుంచి 7 ఏళ్ల మధ్య మనిషి బొమ్మ అంటే గుండ్రటి తల, దాని నుంచి నేరుగా దిగే కాళ్లు. వస్తువులన్నీ కాగితం మీద ఎక్కడ పడితే అక్కడ తేలుతూ ఉంటాయి. 7 నుంచి 9 ఏళ్ల మధ్య కాగితం అడుగున నేలగీత, పై అంచున నీలం పట్టీలాంటి ఆకాశం వస్తాయి; గోడ ఉన్నా ఇంట్లోని మంచం, బల్ల బయటికి కనిపిస్తాయి; ముఖ్యమనుకున్న మనిషి ఇంటికన్నా ఎత్తుగా ఉంటాడు. వీటిని తప్పులుగా దిద్దకూడదు. ఆకాశం నేల దాకా రావాలని మనం చెబితే పిల్లలు ఆ రోజుకు నీలం రంగును కిందికి పులుముతారు గానీ, మరుసటి వారం మళ్లీ పట్టీయే గీస్తారు, ఎందుకంటే వారికి తెలిసిన ఆకాశం నెత్తి మీదే ఉంది. 9 ఏళ్లు దాటాక పరిస్థితి మారుతుంది. బొమ్మ అచ్చం అసలులా ఉండాలన్న పట్టుదల మొదలవుతుంది, రబ్బరు వాడకం పెరుగుతుంది, "నాకు బొమ్మలు రావు" అన్న మాట వినిపిస్తుంది. దూరపు వస్తువులు చిన్నగా కనిపిస్తాయని, ముందున్నది వెనకున్నదాన్ని కొంత కప్పుతుందని చెప్పవలసిన సమయం అదే. అంతకు ముందు చెప్పినా పెద్దగా ఎక్కదు.

చూడడం నేర్పడానికి ఆకును మించిన పాఠ్యవస్తువు లేదని నా అభిప్రాయం. ఒక్కొక్కరికి ఒక్కో ఆకు ఇచ్చి, మొదటి 5 నిమిషాలు పెన్సిలు పట్టనివ్వకుండా ప్రశ్నలు మాత్రమే అడగండి. నడిమి ఈనె తిన్నగా ఉందా, ఒక పక్కకు వంగిందా? పక్క ఈనెలు ఎదురెదురుగా బయలుదేరాయా, ఒకటి విడిచి ఒకటి వచ్చాయా? అంచు నున్నగా ఉందా, రంపపు పళ్లలా ఉందా? పురుగు కొరికిన చోటు ఎక్కడ? ఆ తర్వాత అరచేతి కన్నా పెద్దగా, నడిమి ఈనెతో మొదలుపెట్టి గీయమనండి. ఇంత చెప్పినా చాలామంది మొదట తమకు అలవాటైన ఆకునే, రెండు వైపులా సమానంగా ఉండే ఆకారాన్నే గీస్తారు. అప్పుడు బాగాలేదని అనకుండా, అసలు ఆకును బొమ్మ పక్కన పెట్టి ఒక్క తేడా కనిపెట్టమనండి. అది దొరికాక మరొకటి. చివర్లో ఆకులన్నీ బల్ల మీద కలిపేసి, బొమ్మలను ఒకరివి ఒకరికి మార్చి, బొమ్మను బట్టి ఆకును వెతికి పట్టమనండి. చిరిగిన కొస, వంకర తొడిమ గీసినవారి ఆకు వెంటనే దొరుకుతుంది. మార్కులతో పని లేని పరీక్ష ఇది; ఏం చూడాలో ఏం వదిలేశామో పిల్లలకు తామంతట తామే తెలుస్తుంది.

కాస్త పెద్ద పిల్లలకు, అంటే 8 ఏళ్లు నిండినవారికి, కాగితం వైపు చూడకుండా గీసే అభ్యాసం ఇవ్వవచ్చు. చూపు ఆకు అంచు వెంట ఎంత మెల్లగా కదులుతుందో పెన్సిలు కూడా అంతే మెల్లగా కదలాలి. గీత అడ్డదిడ్డంగా వస్తుంది, అందరూ నవ్వుకుంటారు. అచ్చంగా రావాలన్న భయం ఆ నవ్వులో కొంత పోతుంది. ఈ పాఠం జరుగుతున్నంతసేపూ రబ్బర్లు మీ బల్ల మీదే ఉండడం మంచిది.

రంగుల పాఠానికి ఎరుపు, పసుపు, నీలం మాత్రమే ఇవ్వండి. పన్నెండు రంగుల పెట్టె చేతికిస్తే పిల్లలు ఆకుపచ్చను డబ్బాలోంచి తీసుకుంటారే తప్ప తయారు చేయరు. ముందుగా పసుపు పెట్టుకుని, అందులో కుంచె కొనతో నీలాన్ని కొద్దికొద్దిగా కలపాలి; వరుస తిరగేసి నీలంలో పసుపు కలపబోతే, ముదురు రంగు లేతదాన్ని మింగేస్తుంది గనుక, పసుపు సీసా సగం ఖాళీ అయితే గానీ ఆకుపచ్చ రాదు. ఊదా రంగు దగ్గర పిల్లలు తరచుగా నిరాశపడతారు: నారింజ ఛాయ ఉన్న ఎరుపులో పసుపు అంశ ఉండడం వల్ల, దానిలో నీలం కలిపితే మట్టిరంగు వస్తుంది. గులాబీ వైపు మొగ్గే ఎరుపు ఇస్తే ఊదా శుభ్రంగా వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పేయకుండా రెండు ఎరుపులూ ఇచ్చి, తేడా ఎందుకు వచ్చిందో వారినే అడిగితే ఆ పీరియడు సార్థకమవుతుంది. నలుపును మాత్రం కొన్ని వారాల పాటు దాచిపెట్టండి, లేకపోతే ప్రతి నీడా, ప్రతి అంచూ నల్లబడుతుంది. ఎవరైనా ఆకులకు పదేపదే గోధుమరంగు వేస్తుంటే అల్లరి అనుకోకండి. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, కొందరు ఉంటారు. సీసాల మీద రంగు పేర్లు రాసి, కంటి పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు విడిగా చెప్పాలి.

సామగ్రి విషయంలో రెండు మూడు మాటలు చాలు. మామూలు రాత కాగితం 70 లేదా 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉంటుంది, అది తడికి ఉబ్బి చిరుగుతుంది. నీటిరంగులకు కనీసం 200 జీఎస్ఎం కాగితం కావాలి. చిన్నవారికి లావు క్రేయాన్లు, 8 నుంచి 12 నంబరు గుండ్రటి కుంచెలు నప్పుతాయి. నీళ్లకు ఒక్కొక్క జట్టుకు రెండు గ్లాసులు పెట్టాలి, ఒకటి కుంచె కడగడానికి, మరొకటి రంగు పలచన చేయడానికి. మట్టితో పని చేసేటప్పుడు, చెయ్యి, కాలు వంటివి అతికించే చోట రెండు వైపులా గీతలు గీకి, పలచటి మట్టి పూసి నొక్కకపోతే ఆరాక ఊడిపోతాయని ముందే చెప్పండి.

గీస్తున్నప్పుడు మనం మాట్లాడే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. "ఇదేమిటి?" అని అడిగితే గుర్తుపట్టేలా గీయలేదని అన్నట్టే, "దీని గురించి చెప్పు" అంటే కథ మొదలవుతుంది. "చాలా బాగుంది" అన్న మెప్పు వల్ల పిల్లలకు తెలిసేదేమీ లేదు. "ఈ కొమ్మ మొదట్లో లావుగా, చివర సన్నగా గీశావు" అంటే, తాను చేసినదేమిటో వారికి తెలుస్తుంది. "కుక్క రావడం లేదు, మీరు గీసి ఇవ్వండి" అని ఎవరైనా అడిగినప్పుడు వారి కాగితం ముట్టుకోకుండా, కుక్క ఫొటో చూపించి, వీపు గీత ఎక్కడ మొదలై ఎక్కడ వంగుతుందో వేలితో గాలిలో గీయించండి. అప్పటికీ కుదరకపోతే వేరే చిత్తు కాగితం మీద మీరు ఆ ఒక్క భాగాన్ని రెండు మూడు రకాలుగా గీసి చూపించి, ఆ కాగితాన్ని తీసేయండి.

40 నిమిషాల పీరియడులో సర్దుడుకు చివరి 8 నిమిషాలైనా విడిచిపెట్టాలి, ఎందుకంటే కుంచెలు కడగడం కూడా పాఠంలో భాగమే. బొమ్మలు గోడకు అంటించేటప్పుడు బాగున్నవాటిని ఏరకుండా అందరివీ, పిల్లల కంటి ఎత్తులో పెట్టండి. తీసేశాక ఒక్కొక్కరివీ ఒక్కో ఫైలులో చేర్చి, వెనక పేరు, తేదీ, పిల్లలు ఆ బొమ్మ గురించి చెప్పిన ఒక వాక్యం రాయండి. తల్లిదండ్రులు వచ్చి తమ పిల్లలకు బొమ్మలు వస్తున్నాయా అని అడిగినప్పుడు, పక్కవారి బొమ్మతో పోల్చకుండా ఆ ఫైలులో మొదటి కాగితాన్నీ చివరి కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.