పాత బండి మిస్సింగ్ కొడుతుంటే ముందుగా చూడవలసినవి

తిరుపతి వీధుల్లో పదిహేను, ఇరవై ఏళ్ల నాటి స్ప్లెండర్లు, పల్సర్లు, ఇనుప ఇంజను బుల్లెట్లు ఇప్పటికీ రోజూ తిరుగుతూనే ఉన్నాయి. ఇవన్నీ దాదాపుగా కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) ఉన్న బండ్లే. మిస్సింగ్ అంటే ఇదే: ఇంజను నిలకడ తప్పి, ఎక్సలేటర్ తిప్పినా పికప్ అందుకోకపోవడం. అప్పుడు చాలామంది చేసే మొదటి పని కార్బొరేటర్ స్క్రూలు తిప్పడం. నా ఉద్దేశంలో అది చివర చేయవలసిన పని. నిన్నటిదాకా బాగా నడిచిన బండిలో ఆ స్క్రూలు రాత్రికి రాత్రి వాటంతట అవి తిరగవు. అసలు లోపం మరెక్కడో ఉండగా వాటిని కదిపితే ఒక లోపం రెండవుతుంది.

స్పానరు పట్టే ముందు బండిని కాసేపు నడిపి, లోపం ఎప్పుడు బయటపడుతోందో గమనించాలి. ఐడ్లింగులో, అంటే ఎక్సలేటర్ తిప్పకుండా ఇంజను తిరుగుతున్నప్పుడు, ఆగిపోతూ, వేగం అందుకున్నాక బాగుంటే స్లో జెట్‌ను (ఐడ్లింగుకు పెట్రోలు అందించే సన్నటి రంధ్రమున్న కార్బొరేటర్ ముక్క) గానీ, కార్బొరేటరుకూ ఇంజనుకూ మధ్యనున్న అతుకును గానీ అనుమానించాలి. ఐడ్లింగ్ బాగుండి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు నీరసిస్తే పెట్రోలు చాలినంత అందడం లేదేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. బాగా వేడెక్కాకే మిస్సింగ్ మొదలైతే ప్లగ్‌కు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ వైపు, పాత బుల్లెట్లలోనైతే ఆ కరెంటును సమయానికి తెంపే ప్లాటినం పాయింట్ల వైపు దృష్టి పెట్టాలి. న్యూట్రల్‌లో నున్నగా తిరుగుతూ, గేరులో మాత్రమే కుదుపు వస్తుంటే చైను వదులైందేమో చూడండి. చల్లటి ఇంజను స్టార్టు కావడానికి వాడే చోక్ సగం లేచి ఉండిపోయిన సంగతి గమనించకుండా షెడ్డుదాకా తోసుకెళ్లినవాళ్లూ ఉన్నారు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. అలిపిరి దాటి తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డులో నా పాత బండి పావుగంట నడిచి ఆగిపోయేది, పది నిమిషాలు నిలబెడితే మళ్లీ స్టార్టయ్యేది. స్పార్క్ ప్లగ్ (ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేది) మార్చాను, కార్బొరేటర్ రెండుసార్లు కడిగించాను, ఫలితం లేదు. మూడోసారి ఆగినప్పుడు పెట్రోలు ఎంత ఉందో చూద్దామని ట్యాంకు మూత తీస్తే ‘స్స్’ మంటూ గాలి లోపలికి పీల్చుకుంది. మూతలోని సన్నటి గాలి రంధ్రం దుమ్ముతో పూడిపోవడంతో, పెట్రోలు కిందికి దిగేకొద్దీ ట్యాంకులో గాలి పీడనం తగ్గిపోయి ధార ఆగిపోతోంది. అందుకే ఇప్పుడు ఎవరి బండి ఇలా ఆగినా ముందు మూత తీసి చూడమంటాను.

తర్వాత ప్లగ్. ఇంజను చల్లారాక విప్పి దాని మొనను వెలుతురులో చూడాలి. లేత గోధుమ రంగులో ఉంటే మంట సవ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువగానో గాలి తక్కువగానో అందుతోంది. జిడ్డుగా, తడిగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువై ఇంజను అతిగా వేడెక్కుతోంది. మామూలు 100 సీసీ బండ్లలో ప్లగ్ రెండు మొనల మధ్య గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. దాన్ని కంటి అంచనాతో కాక ఫీలర్ గేజ్‌తోనే (కొలత రాసి ఉన్న పలుచటి రేకుల కట్ట) కొలవాలి. ప్లగ్ క్యాప్ వదులైతే వైరు చివర కొద్దిగా కత్తిరించి మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. వైరు చిట్లిందన్న అనుమానం ఉంటే చీకట్లో ఇంజను నడిపి, ముట్టుకోకుండా చూడండి. చిట్లిన చోట సన్నటి నీలి మెరుపు కనిపించవచ్చు.

ప్లగ్ బాగుంటే కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, దగ్గర్లో నిప్పు లేనప్పుడు మాత్రమే ఈ పని చేయాలి. అడుగున నీటి బొట్లో, మసకబారిన పొరో కనిపిస్తే పెట్రోలులో నీరు చేరినట్టు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి, నెలల తరబడి కదలని బండ్లలో ఈ బెడద ఎక్కువ. తుప్పు రేణువులు కనిపిస్తే జెట్లు శుభ్రం చేసే ముందు ట్యాంకును కడగాలి, లేకపోతే వారంలో మళ్లీ అదే కథ.

ఎయిర్ ఫిల్టర్ గురించి చెప్పవలసింది కొంచెమే: కాగితం ఫిల్టరయితే మార్చండి, స్పాంజి అయితే కడిగి ఆరబెట్టి, పలచగా ఆయిల్ పట్టించి బిగించండి.

ఇవన్నీ అయ్యాకే కార్బొరేటర్ విప్పాలి. ఐడ్లింగులో గాలి పాళ్లను సర్దే ఎయిర్ స్క్రూను ముందుగా మెల్లగా లోపలికి తిప్పుతూ, ఆనేవరకు ఎన్ని చుట్లు పట్టిందో కాగితం మీద రాసుకుంటే, తిరిగి అదే చోటికి తేవచ్చు. జెట్ రంధ్రంలో తీగ గుచ్చకూడదు. రంధ్రం రవ్వంత వెడల్పయినా ఆ జెట్ ఇక పనికిరాదు. క్లీనర్ స్ప్రేతోనో, ఎయిర్ గొట్టంతోనో ఊదితే చాలు. ఐడ్లింగ్ సర్దడం మాత్రం ఇంజను బాగా వేడెక్కాకే చేయాలి. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉండి గాలి కాస్త పలచబడినందువల్ల అక్కడ బండి కాస్త బరువుగా లాగినట్టు అనిపించినా, దానికోసం సెట్టింగు మార్చవలసిన అవసరం లేదు.

అప్పటికీ కుదరకపోతే ట్యాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర ఉండవలసిన సన్నటి ఖాళీ), కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే బిగువు) చూపించాలి. ట్యాపెట్లను ఇంజను పూర్తిగా చల్లారాక, బండితో వచ్చిన పుస్తకంలోని కొలత ప్రకారమే పెట్టాలి. కిక్ కొట్టినప్పుడు కాలికి ఎదురు తగలకుండా సులువుగా దిగిపోతుంటే రింగులో, వాల్వులో అరిగినట్టు. అది ఇంట్లో చేసుకునే పని కాదు, మెకానిక్‌కు అప్పగించవలసిందే.