వానాకాలంలో ములుగు వైపు వారాంతం: బయటి ఊళ్ల నుంచి వచ్చిన టీచర్లకు జాగ్రత్తలు

కొత్తగా కొలువు వచ్చి హనుమకొండలో గది అద్దెకు తీసుకున్న లెక్చరర్లకు, ములుగు, ఏటూరునాగారం గురుకులాల్లో చేరిన టీచర్లకు జూలై వచ్చిందంటే కాలు నిలవదు. ఊరు కొత్త, ఇల్లు దూరం, ఆదివారం గదిలో ఒక్కరే కూర్చోబుద్ధి కాదు. ఫోను తెరిస్తే బొగత జలపాతం వీడియోలు. వెళ్లండి, ఈ ప్రాంతాన్ని చూడాల్సింది వానల్లోనే. ఏప్రిల్‌లో బొగతకు వెళ్లి పెదవి విరిచినవారిని నేను తప్పుపట్టను. అయితే ఇక్కడి వాగుల తీరు చిన్నప్పటి నుంచి చూసినవారికే తెలుస్తుంది. తమకు తెలుసు కాబట్టి మీకూ తెలుసనుకుంటారు, అడిగితే తప్ప చెప్పరు.

చిక్కంతా తిరుగు ప్రయాణంలో ఉంటుంది. శనివారం చెప్పులు చేత్తో పట్టుకుని నవ్వుతూ దాటిన వాగు ఆదివారం సాయంత్రానికి నడుము లోతు కావచ్చు. అవతలి గట్టున మీరు, ఇవతల సోమవారం మొదటి పీరియడ్. ఈతరాని మనిషిని కూడా నీళ్లలోకి దింపేది ఆ పీరియడే. అందుకే బయలుదేరే ముందు చేయాల్సిన మొదటి పని సంచి సర్దుకోవడం కాదు. శుక్రవారమే ప్రిన్సిపాల్‌తో, "వాగులు పొంగితే సోమవారం రాలేకపోవచ్చు, అవసరమైతే సీఎల్ పెడతాను" అని ఒక మాట చెప్పి ఉంచండి. మీ తరగతులు చూసుకోమని పక్క టీచరుకూ చెప్పండి. ఆ భరోసా ఉంటే ములుగులోనో, ఏటూరునాగారంలోనో ఒక రాత్రి ఆగిపోవడానికి మనసు ఒప్పుకుంటుంది. ఒక జత బట్టలు, రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు అదనంగా, కొంత నగదు పెట్టుకుంటే చాలు.

2023 జూలై 26న వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలోని ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్లిన దాదాపు 80 మందికి జరిగింది అదే. లోపలికి పోయేటప్పుడు దాటిన వాగు తిరిగి వచ్చేసరికి దారి ఇవ్వలేదు. జాతీయ విపత్తు సహాయక దళం (ఎన్డీఆర్ఎఫ్) బృందాలు వెళ్లి వారిని బయటికి తేవాల్సి వచ్చింది. మర్నాడు ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన నమోదైంది, రాష్ట్రంలో అంతకుముందు ఎన్నడూ అంత కురవలేదు. జంపన్నవాగు కొండాయి ఊరిని ముంచి ప్రాణాలు తీసింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు ఊరి మీద పడితే మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కారు. మేడారం జాతరలో భక్తులు స్నానం చేసే జంపన్నవాగు, ఈ జంపన్నవాగు ఒకటేనంటే నమ్మడం కష్టం. కానీ ఒకటే.

ఆకాశం చూసి వాగును అంచనా వేయకండి. మీ నెత్తిన ఎండ కాస్తుండగానే నీరు పెరగవచ్చు. బొగతకు వచ్చే నీరు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు కొండల నుంచి దిగుతుంది. కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరికల్లో ములుగుతో పాటు అటు బీజాపూర్ వైపు ఏముందో కూడా చూడాలి. పసుపు రంగు ఉంటే గమనిస్తూ వెళ్లవచ్చు. నారింజ రంగు ఉంటే జలపాతాల జోలికి పోవద్దు. ఎరుపు ఉంటే గదిలోనే మిర్చీ బజ్జీలు వేసుకోండి. నీటి దగ్గర ఉండగా తేట నీరు ఎర్రబారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా, చప్పుడు పెరిగినా ఆ క్షణమే గట్టెక్కండి. ఫొటో పూర్తయ్యేదాకా ఆగవద్దు.

స్థానికులను అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. "వెళ్లవచ్చా?" అని అడిగితే, దూరం నుంచి వచ్చినవారిని నిరాశపరచడం ఎందుకని చాలామంది వెళ్లమనే అంటారు. టీ కొట్టు దగ్గర ఆగి, "అన్నా, రాత్రి పైన వాన పడిందా? పొద్దటి నుంచి వాగు ఎక్కుతోందా, దిగుతోందా?" అని అడగండి. అప్పుడు సరైన సమాచారం వస్తుంది. హనుమకొండ నుంచి ఆర్టీసీ బస్సులో వెళితే ఇంకా మంచిది. ఆ డ్రైవరుకు రోజూ అదే దారి. ఆయన బండి ఆపాడంటే మీరూ ఆగాల్సిందే.

సొంత బండి తీస్తే లో లెవెల్ వంతెనల దగ్గర పౌరుషం పనికిరాదు. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చి పక్కకు నెట్టగలదు. అందులో సగం లోతు వేగంగా పారినా మనిషి కాలు నిలవదు. కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనిపించదు. 2024 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఒక కారును ఈడ్చుకుపోతే తండ్రీ కూతుళ్లు ఇద్దరూ పోయారు. చీకటి పడ్డాక నీటిలో బండి దించనే దించకండి. మామూలు రాత్రుల్లోనూ ఆ దారిలో ఇసుక లారీలు, వెచ్చదనం కోసం తారు మీద పడుకున్న పశువులు ఉంటాయి.

గోదావరి సంగతి వేరు. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీదుగా అవతలికి వెళితేనే వాజేడు, బొగత. నది నిండినప్పుడు వెనక్కి తన్నిన నీరు వాజేడు వైపు రోడ్లను ముంచుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. మొదటి హెచ్చరిక వార్త విన్నారంటే వాజేడు ప్రయాణం మరో వారానికి మార్చుకోండి.

బొగత చేరాక అటవీ శాఖ వారు గేటు మూసి ఉంటే పక్క దారి చూపిస్తామనే కుర్రాళ్లు తగలవచ్చు. నమస్కారం పెట్టి వెనక్కి రండి. లోపలికి పంపినా, నీటిలోకి దిగవద్దన్న రోజు దిగవద్దు. బురద నీటిలో అడుగు కనిపించదు, ధార పడే చోట సుడి లోపలికి లాగుతుంది. పాచి పట్టిన బండ మీద ఖరీదైన బూట్లు కూడా జారతాయి. చెరువులో ఈత నేర్చుకున్న ధైర్యం అక్కడ పనికిరాదు.

లక్నవరం, పాకాల, రామప్ప చెరువులు నిండితే మత్తడి (అలుగు) చూడటానికి జనం బారులు కడతారు. దూరం నుంచి ఎంతసేపైనా చూడండి, మత్తడి మీదికి మాత్రం నడవకండి. లక్నవరంలో లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కవద్దు, గాలి లేచినప్పుడు ఇచ్చినా ఎక్కవద్దు. గాలిని తేలిగ్గా తీసుకోకూడదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వీచిన గాలికి వేల చెట్లు కూలాయి. ఉరుముతుంటే చెట్టు కింద నిలబడవద్దు, బండి కూడా పెట్టవద్దు. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది.

అడవి దగ్గర బస చేస్తే నేల మీద పడుకోకండి. కట్లపాము రాత్రి తిరుగుతుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. బూట్లు దులిపి తొడుక్కోండి, బయట అడుగు పెడితే టార్చి ఉండాలి. కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, పసరు పోయడం వద్దు. కాటు పడిన కాలో, చేయో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. దోమతెర సరే, తిరిగి వచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లివచ్చానని డాక్టరుకు మీరే చెప్పండి. చెబితే మలేరియా పరీక్ష వెంటనే చేస్తారు.

నారింజ హెచ్చరిక ఉన్న వారం పూర్తిగా వృథా కాదు. వాగులు దాటే పని లేకుండా వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్ తోరణాలు ఉన్నాయి. వాన తెరిపి ఇచ్చిన మరో వారం 1213 నాటి రామప్ప గుడికి వెళ్లండి. తడిసిన ఎర్రరాయి రంగు చూడటానికే వెళ్లవచ్చు.

ములుగు నుంచి ఏటూరునాగారం వెళ్లే దారిలో పసర ఊరు దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఎటు వెళుతున్నారో, ఏ వేళకు ఫోన్ చేస్తారో ఇంటి ఓనరుకో, తోటి టీచరుకో చెప్పి వెళ్లండి. చేయకపోతే ఎవరికి కబురు పెట్టాలో కూడా చెప్పండి. వాగు అవతల చిక్కుకుంటే ఉన్న గట్టునే ఎత్తైన చోటికి వెళ్లి, బృందంలో ఒక్క ఫోను ఆన్‌లో ఉంచి మిగతావి ఆపేయండి. 112కు కాల్ కలవకపోతే, ఎక్కడున్నారో, ఎంతమంది ఉన్నారో రాసి ఊళ్లో ఉన్నవారికి ఎస్ఎంఎస్ పంపండి. కాల్ పోని చోట నుంచి అది పోయే అవకాశం ఎక్కువ.