క్రికెటర్ రికార్డు చదవడం ఎలా? 4వ పాఠం: ఆ తొమ్మిది నాటౌట్లు

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క ఐదు నిమిషాల పని అనుకున్నాను. నెదర్లాండ్స్ ఆల్‌రౌండర్ ర్యాన్ టెన్ డస్కాటే, వన్డేల్లో 33 మ్యాచ్‌లు, 32 ఇన్నింగ్స్, 9 నాటౌట్లు, 1541 పరుగులు, యావరేజ్ ఎంత? వచ్చిన జవాబులు మూడు రకాలు. కొందరు 46.70 అన్నారు, కొందరు 48.16 అన్నారు, కొందరు 67 అని రాసి పక్కనే "ఇది తప్పేమో, మరీ ఎక్కువగా ఉంది" అని భయపడ్డారు. భయపడ్డవాళ్లే కరెక్ట్. ఇవాళ బౌలింగ్ మొదలుపెడదామనుకున్నాను, అది వచ్చే పాఠానికి పోయింది.

46.70 వచ్చినవాళ్లు పరుగుల్ని మ్యాచ్‌లతో భాగించారు. వాళ్లు రెండో పాఠం మళ్లీ చదవండి, ఇక్కడ తిరిగి చెప్పను. 48.16 వాళ్లు ఇన్నింగ్స్‌తో భాగించారు, అంటే గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. భాగించాల్సింది ఔటైన సార్లతో. 32లోంచి 9 తీసేస్తే 23. అన్నిసార్లు ఔటయ్యాడు. 1541ని 23తో భాగిస్తే సరిగ్గా 67, శేషం సున్నా. ఇంత శుభ్రంగా తెగుతుందనే ఈయన్ని ఎంచుకున్నాను, లేకపోతే దశాంశాల దగ్గర ఇంకో గొడవయ్యేది. ఆటగాడి రికార్డు చూడగానే నేను చేసే మొదటి పని ఇన్నింగ్స్ అంకెని పెన్సిల్‌తో కొట్టేసి పక్కన ఔట్ల సంఖ్య రాసుకోవడం. మీరూ అలవాటు చేసుకోండి, కాలిక్యులేటర్ దాకా వెళ్లేలోపే సగం తప్పులు పోతాయి.

అసలు పట్టు చిక్కిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రశ్న. విజయవాడలో పుట్టి, న్యూజిలాండ్‌లో పెరిగి, నెదర్లాండ్స్‌కి ఆడుతున్న మన తేజ నిడమనూరు 2022 మే 31న ఆమ్‌స్టెల్‌వేన్‌లో వెస్టిండీస్ మీద తొలి వన్డే ఆడి 58 నాటౌట్‌గా నిలిచాడు. ఆ రాత్రికి అతని యావరేజ్ ఎంత? 58 అనేశారా? ఔటవ్వలేదుగా, సున్నాతో ఎలా భాగిస్తారు? యావరేజ్ లేదు, ఆ గడిలో గీత ఉంటుంది. సున్నా కూడా రాయకూడదు, సున్నా అంటే ఔటయ్యాడు గానీ పరుగుల్లేవని.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయానికి వస్తాను. 67 సరిగ్గా కట్టినవాళ్లలో కూడా కొంతమంది "నాటౌట్లతో పెంచుకున్న యావరేజ్ కదా సార్" అని ఒక ముక్క తగిలించారు. టీ కొట్టు దగ్గర వినీ వినీ అది మన నోట్లో నానిపోయింది. నాటౌట్ ఊరికే యావరేజ్‌ని పెంచదు. ఒకడు 30కి ఔట్, మళ్లీ 30కి ఔట్, మూడోసారి 5 నాటౌట్ అనుకోండి. మొత్తం 65, ఔట్లు రెండు, యావరేజ్ 32.5. ముప్పై నుంచి రెండున్నర పెరిగింది, అంతే. అదే మూడోసారి 60 నాటౌట్ అయితే 120ని రెండుతో భాగిస్తాం, 60 వస్తుంది. రెంటిలోనూ నాటౌట్ ఒక్కటే. పెంచింది నాటౌట్‌కి పెట్టే నక్షత్రం గుర్తు కాదు, దాని ముందున్న అంకె. చివర్లో దిగి రెండు బంతులాడి 3 నాటౌట్‌తో వెళ్లిపోయేవాడికి ఎన్ని నక్షత్రాలున్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, నమ్మకపోతే పైన 5 తీసి 3 పెట్టి చూసుకోండి.

పైగా నాటౌట్ అనగానే మనకి గెలిపించి బ్యాటెత్తిన మనిషి కళ్ల ముందు కనిపిస్తాడు. 2011 ప్రపంచ కప్, మార్చి 14, చిట్టగాంగ్. బంగ్లాదేశ్ మీద నెదర్లాండ్స్ 160కి ఆలౌట్. ఆ 160లో టెన్ డస్కాటేవి 53 నాటౌట్. అవతలి ఎండ్‌లో ఆడటానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి నాటౌట్! బంగ్లాదేశ్ ఆ 160ని ఆరు వికెట్లుండగానే కొట్టేసింది. ఇది యావరేజ్ పెంచుకోవడమా? ఇంకో మనిషి తోడుంటే ఇంకో ముప్పై కొట్టేవాడేమో, అవి లెక్కలోకి రావుగా. చిన్న జట్టు ఆటగాడి నాటౌట్లలో ఇలాంటివి ఉంటాయి, అందుకే ఒక్కొక్కటీ తెరిచి చూడమంటాను. నక్షత్రం పక్కన నేను చిన్న అక్షరం రాస్తాను: గెలిపిస్తే గె, ఓవర్లు అయిపోతే ఓ, తోడు అయిపోతే తో. ఇది పుస్తకాల్లో ఉన్న పద్ధతి కాదు, నా సొంతం.

సరే, మీ అనుమానమే నిజమనుకుని తొమ్మిదిసార్లూ ఔటయ్యాడనే లెక్కేద్దాం. ఎంత పీనాసిగా లెక్కేసినా 48.16. ఇదే పీనాసి లెక్క సచిన్‌కి వేయండి: 18426 పరుగులు, 452 ఇన్నింగ్స్, 40.77 వస్తుంది. అసలు యావరేజ్ 44.83. ఈ వాక్యం చదివి "టెన్ డస్కాటే సచిన్ కంటే గొప్పవాడా" అని నాకు కోపంగా రాయబోతున్నవాళ్లు కాస్త ఆగండి, నేనలా అనలేదు. ఒకరు 452 ఇన్నింగ్స్, అందులో ఎక్కువభాగం ప్రపంచంలోని మంచి మంచి బౌలర్ల ముందు. ఇంకొకరు 32, అందులో చాలా భాగం కెన్యా, కెనడా, బెర్ముడా లాంటి జట్ల మీద. ఆ రెండు అంకెల్నీ ఒకే తక్కెడలో వేయకూడదు. కానీ "చిన్న జట్ల మీద కొట్టుకున్నాడులే" అని తీసిపారేసేవాళ్లూ అదే తప్పు చేస్తున్నారు, కాకపోతే తక్కెడ ఇటు వంచారు.

వాళ్ల కోసం నాగ్‌పూర్. 2011 ఫిబ్రవరి 22, ఎదుట ఇంగ్లండ్. టెన్ డస్కాటే 110 బంతుల్లో 119, జట్టు 292. తర్వాత బౌలింగ్‌లో ట్రాట్‌నీ బెల్‌నీ ఔట్ చేసింది కూడా ఇతనే. ఎనిమిది బంతులు మిగిలుండగా ఇంగ్లండ్ గెలిచింది, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ మాత్రం ఓడిన జట్టు వాడికిచ్చారు. మార్చి 18న కోల్‌కతాలో ఐర్లాండ్ మీద 106, జట్టు 306, మళ్లీ ఓటమి. వన్డేల్లో అతనివి మొత్తం ఐదు సెంచరీలు, అందులో రెండు ఈ ఒక్క టోర్నీలోవే, అయినా నెదర్లాండ్స్ ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓడింది. యావరేజ్ అనే గడిలో ఇవేవీ కనిపించవు.

ఆ కోల్‌కతా మ్యాచే అతని ఆఖరి వన్డే. 2006 జులై 4న శ్రీలంక 443 కొట్టిన మ్యాచ్‌తో మొదలై 2011లో అయిపోయింది. ఐదేళ్లలో 33. ఆ రోజుల్లో భారత జట్టు ఒక్క ఏడాదిలోనే అంతకన్నా ఎక్కువ ఆడేసిన సందర్భాలున్నాయి. "ఫామ్ పోయి తీసేశారా" అని ఒకాయన అడిగాడు. ఖాళీ కనిపిస్తే వెంటనే ఆటగాడి మీద అనుమానపడకండి, ముందు దేశాన్ని చూడండి. 2014లో నెదర్లాండ్స్‌కి వన్డే హోదానే (మ్యాచ్‌ని అధికారిక వన్డేగా లెక్కించే గుర్తింపు) పోయింది, 2018 ఆగస్టులో నేపాల్‌తో గానీ మళ్లీ వన్డే ఆడలేదు. ఆ మధ్యలో ఎవరు ఎంత బాగా ఆడినా వన్డే గడిలో ఒక్క పరుగు కూడా పడేది కాదు. రెండోది, మనిషి వేరే చోట ఆడుతున్నాడేమో చూడండి. ఇతను పుట్టింది దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో, జీతం ఇచ్చి పోషించింది ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ కౌంటీ. రోజుల తరబడి సాగే ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 11 వేలకు పైగా పరుగులు. 2017లో, 2019లో ఎసెక్స్ కౌంటీ చాంపియన్‌షిప్ గెలిచినప్పుడు కెప్టెన్ ఇతనే. కోల్‌కతా నైట్ రైడర్స్ 2012, 2014లో కప్పు కొట్టినప్పుడు జట్టులో ఉన్నాడు, 2024లో భారత జట్టుకే అసిస్టెంట్ కోచ్ అయ్యాడు. వన్డే గడి ఒక్కటే చదివితే అసలు కెరీర్‌లో ముప్పాతిక వంతు మీ చేతికి రాదు.

హోదా సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి, త్వరగా. కెన్యా బ్యాటర్ స్టీవ్ టికోలో 1997లో చిన్న జట్ల టోర్నీ అయిన ఐసీసీ ట్రోఫీ ఫైనల్‌లో బంగ్లాదేశ్ మీద 147 కొట్టాడు, జట్టు మొత్తం 241. అతని వన్డే సెంచరీల్లో దీన్ని వెతికితే దొరకదు, ఆ మ్యాచ్‌కి వన్డే హోదా లేదు మరి. ఆ తర్వాతి ఏడాది మే 17న మన హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో అవే రెండు జట్లు ఆడాయి, బంగ్లాదేశ్ తన మొదటి వన్డే విజయం అక్కడే అందుకుంది. ఇది రికార్డులో ఉంది. ఫైనల్ పరుగులు లెక్కలో లేవు, లీగ్ మ్యాచ్ పరుగులు ఉన్నాయి. ఇది అన్యాయమే. అయినా రికార్డు చదివేవాడు ఏ గడిలో ఏవి పడతాయో ముందే తెలుసుకోవాలి.

స్ట్రైక్ రేట్ (వంద బంతులకి ఎన్ని పరుగులు) గురించి ముగ్గురు అడిగారు. నాకు దాని మీద పెద్ద మోజు లేదు, ఎప్పుడు దిగాడో చెప్పని స్ట్రైక్ రేట్ నాకెందుకు? టెన్ డస్కాటేది 87.70. రాసుకోండి, చాలు.

ఇక సాధన. ఈసారి కాస్త కష్టమే, ఒక ఆదివారం పోతుంది. తేజ నిడమనూరు స్కోర్‌కార్డులు ఐదు తీయండి. 2023 మార్చి 21న హరారేలో జింబాబ్వే మీద 110 నాటౌట్. అదే ఊళ్లో జూన్ 26న వెస్టిండీస్ మీద 76 బంతుల్లో 111, అది 374 దగ్గర టై అయి సూపర్ ఓవర్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు వాన్ బీక్ 30 కొట్టిన మ్యాచ్. ప్రపంచ కప్‌లో అక్టోబర్ 6, 9 తేదీల్లో ఉప్పల్‌లో ఆడిన రెండు. నవంబర్ 12న బెంగళూరులో మన జట్టు మీద కొట్టిన 54. ప్రతి దానికీ ఎన్నో నంబరులో దిగాడు, దిగేటప్పటికి స్కోరు ఎంత, అప్పటికి పోయిన వికెట్లెన్ని, ఔటయ్యాడా లేదా, నక్షత్రం ఉంటే నా గె, ఓ, తోలలో ఏది, ఇవన్నీ చేత్తో రాయండి. ముందు ఈ ఐదింటికే యావరేజ్ కట్టండి, తర్వాత పీనాసి లెక్క కట్టండి. బెంగళూరులో అతన్ని ఔట్ చేసిన బౌలర్ పేరు చూసి నవ్వు రాకపోతే మీరు తప్పు స్కోర్‌కార్డు తీసినట్టు.

వచ్చేసారి టెన్ డస్కాటే తీసిన 55 వికెట్లు, బౌలింగ్ యావరేజ్ 24.12, అంటే ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు. అక్కడ తక్కువ ఉంటేనే మంచిది, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని రండి, లేకపోతే మళ్లీ ఒక పాఠం వెనక్కి పోతాం.