అజ్టెక్ రాజు పేజీని మీ అంతట మీరే చదవడం ఎలా

ఒకప్పుడు మెక్సికోని ఏలిన అజ్టెక్ రాజులు అనగానే అందరూ మోక్టెజుమా, స్పానిష్ వాళ్ల గొడవ దగ్గరే మొదలుపెడతారు, నా మాట విని అతని ముందు రాజు అవీట్సోట్ల్‌తో స్టార్ట్ చేయండి, అప్పటికి స్పానిష్ వాళ్లు రానే లేదు, రాజ్యం మంచి ఊపు మీదుంది.

అజ్టెక్ రాజుల కథని బొమ్మల్లో చెప్పే పాత పుస్తకం కోడెక్స్ మెండోసాలో ఈయన పేజీ తెరవండి. అసలు పుస్తకం ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉంది, స్కాన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ముందు నీలం గళ్లు చూడండి, ఒక్కో గడి ఒక్కో ఏడాది. కుందేలు, రెల్లు, చెకుముకి రాయి, ఇల్లు, ఈ నాలుగు బొమ్మలే వరసగా తిరుగుతాయి, పక్కనున్న చుక్కలు 1 నుంచి 13 దాకా లెక్క. 7 కుందేలు అంటే 1486, గద్దెనెక్కిన ఏడాది, 10 కుందేలు అంటే 1502, చనిపోయిన ఏడాది. 52 ఏళ్లకోసారి అవే పేర్లు మళ్లీ వస్తాయి కాబట్టి ఒక్క గడి చూసి ఏడాది చెప్పేయకండి, ఏ రాజు పేజీయో కూడా చూసుకోవాలి.

తర్వాత రాజు బొమ్మ. నోటి ముందు చిన్న చుట్ట కనిపిస్తుంది, అది మాట, రాజుని వాళ్లు త్లాతోవాని అనేవాళ్లు, అంటే మాట్లాడేవాడు. తలకి తగిలించిన నీటి జంతువు ఆయన పేరు. డాలు, బల్లేలు కనిపిస్తే యుద్ధం. పైకప్పు ఒరిగిపోయి మంటలొస్తున్న గుడి ఒక్కోటి ఓడిపోయిన ఒక్కో ఊరు, వేలు పెట్టి లెక్కపెట్టండి, 45 వస్తాయి, అప్పుడు తెలుస్తుంది పదహారేళ్లలో ఎన్ని ఊళ్ల మీద పడ్డాడో.

ఈ పేజీ ఒక్కటే నమ్ముకుంటే మాత్రం సగమే తెలుస్తుంది. 1487లో రాజధాని టెనోచ్‌టిట్లాన్‌లో పెద్ద గుడి ప్రారంభానికి ఖైదీల్ని బలిచ్చారు, పాత స్పానిష్ రాతల్లో 80,400 మంది అని కూడా ఉంటుంది, ఆ అంకె పట్టుకుని పోకండి, చరిత్రకారులు ఒప్పుకోరు. దాని బదులు మెక్సికో సిటీ ఆంత్రోపాలజీ మ్యూజియంలో ఉన్న పచ్చరాతి పలక ఫొటో చూడండి, అవీట్సోట్ల్, ఆయనకి ముందు రాజు తిసోక్ ఎదురెదురుగా నిలబడి తమ చెవులు తామే పొడుచుకుని రక్తం ఇస్తుంటారు, కింద పెద్దగా 8 రెల్లు, అంటే అదే 1487. పక్క ఊరు కొయోవాకాన్ ఊటల నీళ్లు రాజధానికి తెచ్చిన కథ కూడా చదవండి, వద్దన్న అక్కడి పాలకుణ్ణి చంపించాడు, చివరికి ఆ నీళ్లే టెనోచ్‌టిట్లాన్‌ని ముంచేశాయి.

ఇంక 2006లో ఆ గుడి పక్కన బయటపడ్డ 12 టన్నుల భూదేవత రాయి ఫొటో వెతికి చూడండి, కాలి గోళ్ల దగ్గర ఒక కుందేలు, పక్కన పది చుక్కలు, అది ఏ ఏడాదో ఈపాటికి మీకే తెలిసిపోతుంది.